తెరిచి ఉన్న షీటు

ఏటిగట్టు జిల్లాలో గేదెలు ఒక మంగళవారం మధ్యాహ్నం అంతరించిపోయాయి.

ఆ సమయానికి చిలకలంక మండల పశువైద్యుడు డాక్టర్ పరంజ్యోతి కుడిచెయ్యి భుజం దాకా ఒక గేదె కడుపులో ఉంది. దూడ అడ్డం తిరిగింది. గేదెగలావిడ నూకరత్నం తోకను పక్కకు ఒడిసిపట్టుకుని, తనకు తెలిసిన దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కుతోంది. అంతలో ఆసుపత్రి అటెండరు అబద్ధం ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని గట్టు దిగి పరిగెత్తుకొచ్చాడు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో దిష్టి తగలకుండా పెట్టిన పేరే గాని, అబద్ధం ఎప్పుడూ అబద్ధం ఆడి ఎరగడు.

"అయ్యగారూ, జిల్లా ఆఫీసు నుంచి ఫోనండి. మన మండలంలో గేదెల్లేవంటండి."

"ఏంటీ?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా లేదంటండి. గాడిదలు మాత్రం ఆరొందల నలభై ఉన్నాయంటండి. వాటికి మందులు పంపేరంట, దించుకోమంటన్నారండి."

పరంజ్యోతి చెయ్యి ఇంకాస్త లోపలికి పెట్టాడు. దూడ ముందుకాళ్ళు దొరికాయి. ఊపిరి బిగబట్టి లాగాడు. జారుతూ దూడ గడ్డి మీద పడింది, తుమ్మింది, చెవులు ఆడించింది. గేదె వెనక్కి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. అప్పటికి ప్రభుత్వ లెక్కల్లో ఆ తల్లీ లేదు, బిడ్డా లేదు.

చిలకలంక గోదారి పాయల మధ్య ఉన్న లంక. మనుషుల కన్నా గేదెలు ఎక్కువ. ఎనిమిది వేల పైచిలుకు ఉంటాయి. పొద్దున్నే పడవలు పాలక్యాన్లతో బరువెక్కి అవతలి గట్టుకి వెళ్తాయి, ఖాళీ క్యాన్లతో తేలికగా తిరిగొస్తాయి. గాడిద అనేది అక్కడ బడి మేష్టార్ల నోట్లో తప్ప మరెక్కడా ఉండదు.

మర్నాడు ఉదయం పరంజ్యోతి పాయ దాటి జిల్లా కేంద్రానికి బస్సెక్కాడు. పశుసంవర్ధక కార్యాలయంలో గణాంకాల విభాగం చూసే హైమవతి, అతను నోరు విప్పకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు తొమ్మిదోవారండీ. పొద్దున్నుంచి వస్తూనే ఉన్నారు. సముద్రం ఒడ్డున అంబులపాలెం డాక్టరుగారైతే ఇప్పుడే ఏడ్చి వెళ్ళారు, ఆయనకీ ఆరొందల నలభై గాడిదలే."

ఆవిడ మెత్తని మనిషి కాదు. పై అధికారులు ఆవిడ బల్ల పక్కనుంచి కాకుండా వెనక వరండాలోంచి చుట్టు తిరిగి వెళ్తారు. కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. పోయిన నెలలో మహా ఆర్భాటంగా మొదలుపెట్టిన 'పశుదర్శిని' అందులో ఉంది. ఇరవై నాలుగు మండలాలకి ఇరవై నాలుగు షీట్లు, చివర జిల్లా మొత్తానికి ఒక షీటు. కిందన ఆకుపచ్చని బటన్. దాన్ని నొక్కితే కోడు తనంతట తనే ఒక్కొక్క మండలం అంకెలూ తెచ్చి జిల్లా షీటులో పేర్చాలి. అక్కడినుంచి అవి రాజధానికి వెళ్తాయి. రాజధాని నుంచి మందులు, టీకాలు, మేత, మెమోలు వస్తాయి. మధ్యలో మనిషన్నవాడు ఎక్కడా చెయ్యి పెట్టనక్కర్లేదు.

"మీ షీటు చూడండి. గేదెలు ఉన్నాయిగా?"

ఉన్నాయి. ఎనిమిది వేల రెండువందల పదహారు. అతను స్వయంగా లెక్కపెట్టించి పంపిన అంకె. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"మరి జిల్లా షీటులోకి గాడిదలు ఎలా వచ్చాయండీ?"

"ఈ కోడు రాసిన కంపెనీ మహానుభావులు, బీ రెండు సెల్లు నుంచి బీ పన్నెండు సెల్లు దాకా, అంటే ఆ గళ్ళలో ఉన్న అంకెలు పట్రా అని రాశారు. ఆ గళ్ళ వరుస, అదే రేంజి, ఏ షీటులోదో రాయలేదు. రాయకపోతే అదేం చేస్తుంది? ఆ క్షణానికి తెర మీద ఏ షీటు తెరిచి ఉంటే అందులోంచి తెస్తుంది. ఇంటి నంబరు వేసి ఊరిపేరు రాయని ఉత్తరం అనుకోండి. పోస్టుమాన్ తనెక్కడుంటే ఆ ఊళ్ళోనే ఆ నంబరింట్లో పడేసి పోతాడు. ఇదీ అంతే. ఇరవై నాలుగుసార్లు వెళ్తుంది, ఇరవై నాలుగుసార్లూ అదే ఇంటికి."

"అప్పుడు తెరిచి ఉన్నది..."

"రాళ్ళగెడ్డ. కొండమీది మండలం. రోడ్డు లేదు కాబట్టి సామాన్లన్నీ గాడిదల మీదే. ప్రారంభోత్సవం రోజున కంప్యూటరుకి పూలదండ వేసి, హారతి పళ్ళెం కీబోర్డు మీద పెట్టారు. దాని అంచు తగిలి రాళ్ళగెడ్డ షీటు తెరుచుకుంది. పెద్దలు బటన్ నొక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. నిన్నటికి అది రాజధానిలో ఖరారైంది."

"దిద్దడానికి ఏం కావాలి?"

"ప్రతి రేంజి ముందూ దాని షీటు పేరు రాసి, పక్కన ఒక ఆశ్చర్యార్థకం పెట్టాలి. అంతే. టీ చల్లారేలోగా అయిపోతుంది. నేను చేస్తానని రాతపూర్వకంగా అడిగాను."

"ఏమన్నారు?"

"మెమో ఇచ్చారు. అనధికార సవరణకు ఉద్దేశించినందుకు."

జాయింట్ డైరెక్టరు, అందరూ జేడీగారు అనే శేషావతారంగారు పరంజ్యోతిని నవ్వుతూనే ఆహ్వానించారు. ఆయన తెలుగులో మాట్లాడుతున్నా వింటున్నవాళ్ళకి ఏదో జీవో చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో కూడా పప్పు కావాలంటే 'సదరు పప్పును తగు మోతాదులో సమర్పించగలరు' అంటారని ఆయన డ్రైవరు చెబుతుంటాడు.

"మీ మండలంలో గేదెలు కలవని మీ అభియోగం."

"అభియోగం కాదండీ. ఉన్నాయి. నిన్న ఒకదానికి పురుడు కూడా పోసొచ్చాను."

"ఏ రికార్డు ప్రకారం పోశారు?"

పరంజ్యోతి తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"చూడండి డాక్టరుగారూ. కంటికి కనబడినంత మాత్రాన ఒక జంతువును గేదెగా పరిగణించుటకు వీలు లేదు. ఎవరి కంటికి ఏది కనబడునో మనమెట్లు చెప్పగలము? అందుకే గదా ప్రభుత్వం లక్షలు వెచ్చించి పశుదర్శిని ఏర్పాటు చేసినది." ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి, పసిబిడ్డని చూపించినట్టు చూపించారు. "రాష్ట్ర కార్యాలయము వారి ప్రశంసాపత్రం. ఇరవై నాలుగు మండలములలోనూ ఒకే అంకె! ప్రాంతీయ అసమానతలను ఇంత సంపూర్ణముగా రూపుమాపిన జిల్లా మరొకటి లేదట."

"అయ్యా, వానలు పడగానే గొంతువాపు వస్తుంది. ఈలోగా గేదెలకి టీకా వెయ్యాలి. పోయినేడు ఆలస్యమైతే పాయ పొడుగునా కళేబరాలు తేలాయి."

"టీకా కొరకు కోరిక పశుదర్శినియే స్వయముగా పంపును."

"దానికి మా దగ్గర గేదెలున్నట్టే తెలీదు కదండీ!"

"మానవ ప్రమేయం తొలగించబడినది. అదియే ఇందలి విశిష్టత."

కోడు దిద్దించమని పరంజ్యోతి చేతులు జోడించాడు. కంపెనీ ఒప్పందం ముగిసిందన్నారు జేడీగారు. దిద్దాలంటే సాంకేతిక కమిటీ వెయ్యాలి. కమిటీ వెయ్యాలంటే తప్పు ఉన్నట్టు నిర్ధారణ కావాలి. తప్పు ఉందో లేదో నిర్ధారించవలసినది కమిటీయే. ఆ ముక్క చెప్పి ఆయన ఎంతో తృప్తిగా నీళ్ళు తాగారు.

ఆ తృప్తి చూసి పరంజ్యోతికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, ఆ తర్వాత చాలాకాలం నాలుక కరుచుకున్న మాట ఒకటి అనేశాడు.

"పోనీండి, ఈసారి బటన్ నొక్కేటప్పుడు మా చిలకలంక షీటు తెరిచి పెట్టించండి. అదేమీ కోడు దిద్దడం కాదుగా?"

శేషావతారంగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఒక్క మండలం షీటు తెరుచుట పక్షపాతం. కానీ," ఆయన కుర్చీలోంచి లేచారు, "అన్ని మండలములకూ వంతులవారీగా తెరిచినచో? సమన్యాయం! డాక్టరుగారూ, మీలో ఒక పరిపాలనాదక్షుడు దాగి ఉన్నాడు."

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'తెరిచిన షీటు విధానం'. వారానికొక మండలం షీటు తెరిచి ఉంచి ప్రతి సోమవారం బటన్ నొక్కుతారు. ఆ వారమంతా జిల్లా మొత్తం ఆ మండలమే. ఏ వారం ఎవరిదో చీటీలు తీసి తేల్చారు. చిలకలంకకి కార్తీక మాసంలో వచ్చింది. అప్పుడేమో ఇంకా జ్యేష్ఠం నడుస్తోంది.

మొదటి వారం అంబులపాలెం వంతు. అక్కడ బాతులు తప్ప వేరే జీవం పెద్దగా లేదు. సోమవారం బటన్ నొక్కారు, గురువారానికి ఇరవై నాలుగు మండలాలకీ బాతుల మేత దిగింది. మొన్న ఏడ్చి వెళ్ళిన అంబులపాలెం డాక్టరు ఊరంతా మిఠాయిలు పంచాడు. కొండమీద రాళ్ళగెడ్డలో బాతుని ఎప్పుడూ చూడని జనం ఆ మేతని జావ కాచుకుని తాగి, ఉప్పు తక్కువైందని ఫిర్యాదు చేశారు.

అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ ప్రభుత్వ శాఖలు ఒకదాని అంకెలు ఒకటి చదువుతాయి. జిల్లాలో గేదెలు గానీ ఆవులు గానీ లేవని పశుదర్శినిలో చూసిన ఆహార భద్రతాధికారులు, మరి పాలకేంద్రానికి రోజూ ఇన్ని పాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని ఆలోచనలో పడ్డారు. పశువు లేకుండా వచ్చే పాలు కల్తీ పాలే అయి ఉండాలి కదా. వచ్చి రేవులో పడవలు ఆపారు.

నూకరత్నం తన క్యాను మీద చెయ్యేసి నిలబడింది. "పొద్దుగాల పితికినయ్యండీ. ఇంకా నురగ కూడా తగ్గలేదు. ఏలెట్టి సూడండి, ఏడిగా ఉంటాయి."

"ఏ జంతువు పాలమ్మా?" అధికారి కాగితం చూసుకున్నాడు. "ఈ వారం మీ మండలంలో ఉన్నవి బాతులే."

"బాతులు పాలిత్తాయేటండీ?"

"అదే మేమూ అడుగుతున్నాం."

ఆ రోజు రేవులో పాయ తెల్లగా పారింది. కబురు తెలిసి పరంజ్యోతి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి క్యాన్లన్నీ బోర్లించి ఉన్నాయి. నూకరత్నం మెట్ల మీద కూర్చుని కొంగుతో క్యాను లోపలి అంచు తుడుచుకుంటోంది. అతన్ని చూసి మరో క్యాను ఒళ్ళోకి లాక్కుంది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

రెండో వారం పట్టణ మండలం. పట్టణంలో పెళ్ళి ఊరేగింపు గుర్రాలు మూడు, కుక్కలు లెక్కలేనన్ని. ఆ వారం జిల్లా అంతటా ప్రతి మండలంలో మూడు గుర్రాలకి నాడాలు వచ్చాయి, వాటికి రసీదులు ఇవ్వక తప్పలేదు. చిలకలంకకి వచ్చిన నాడాలు అబద్ధం తీసుకెళ్ళి ఆసుపత్రి గుమ్మానికి కొట్టాడు, మంచి జరుగుతుందేమోనని.

మూడో వారం రాళ్ళగెడ్డ వంతు. అదే వారం వానలు మొదలయ్యాయి.

పరంజ్యోతికి ఆకాశం చూస్తే భయం వేసింది. చెప్పుల నిండా బురదతో లంకంతా తిరిగాడు. ఐదో రోజున ఒక పాకలో గేదె మేత ముట్టకుండా నిలబడి ఉంది. గొంతు కింద చెయ్యి పెట్టి చూశాడు. వేడిగా, గట్టిగా, పొంగి ఉంది. గురక మొదలైంది. తన దగ్గరున్న ఇంజెక్షన్లు అన్నీ వాడేశాడు, జేబులోంచి పెట్టి మరికొన్ని తెప్పించాడు. అవి జబ్బు పడ్డవాటికే సరిపోవడం లేదు. పడనివాటిని కాపాడాలంటే టీకా కావాలి, టీకా రావాలంటే గేదెలు ఉండాలి.

రాళ్ళగెడ్డ డాక్టరు సన్యాసిరావు మంచివాడు. పరంజ్యోతి ఫోను చెయ్యగానే ఒప్పుకున్నాడు.

"నడుస్తున్న నా వారం నువ్వు తీసుకో గురూ. నాకిప్పటికే గాడిదల మందులు రెండేళ్ళకి సరిపడా ఉన్నాయి. ప్రారంభోత్సవం నాటివి, మళ్ళీ మొన్న వచ్చినవి. మిగతా మండలాలవాళ్ళు కూడా వాళ్ళవి నాకే పంపేస్తున్నారు. పెట్టడానికి చోటు లేక నేను వరండాలో పడుకుంటున్నాను."

అయితే వంతు మార్చుకోవడం అంత తేలిక కాదని జేడీగారు చెప్పారు. పరస్పర అంగీకార బదిలీకి దరఖాస్తు పెట్టాలి. దాన్ని మిగతా ఇరవై రెండు మండలాలకీ పంపి అభ్యంతరాలు కోరాలి. పట్టణ మండలం అధికారి ఒక అభ్యంతరం పంపాడు: గేదెల వారం వస్తే తన మండలంలో ఎనిమిది వేల గేదెలకి కొట్టాలు ఎక్కడ కట్టాలన్నది తేల్చాలట.

వంతు సంగతి తేలేదాకా రాళ్ళగెడ్డ షీటే తెరిచి ఉంచారు. ఫైలు బల్ల బల్లకీ తిరుగుతుండగా లంకలో గేదెలు పడిపోసాగాయి. వాటిలో నూకరత్నం గేదె ఒకటి. దూడని ఈనినది కాదు, పెద్దది, పూటకి రెండు కుంచాలు ఇచ్చేది. తెల్లవారుతుండగా పోయింది. పరంజ్యోతి పక్కనే ఉన్నాడు. చేతిలో ఖాళీ సిరంజి ఉంది.

బీమా కోసం మరణ ధ్రువీకరణ రాసి పంపాడు. వారంలోపే అది తిరిగొచ్చింది. ఎర్రసిరాతో రాసి ఉంది: 'సదరు వారమున సదరు మండలమున గేదెలు లేనందున, లేని పశువు మరణించుట నిబంధనలకు విరుద్ధము. మరణించిన గాడిద ఏదైనా ఉన్నచో తెలుపగలరు.'

అతను ఆ కాగితం నూకరత్నానికి చదివి వినిపించాడు. వినిపించకుండా ఉండాల్సిందని సగంలో అనిపించినా ఆపలేకపోయాడు.

ఆవిడ అంతా విని, పాక వెనక తాజాగా పూడ్చిన మట్టిదిబ్బ వైపు చూసింది.

"లేని గేదె సావదంటారు. సరేనండి డాట్రుగారూ. మరి మా ఆయనా మా మరుదులూ నలుగురూ కలిసి గొయ్యి తీసి పూడ్సిందేటండి? పదేళ్ళ నుంచి మా ఇంటిని సాకిందేటండి?" ఆవిడ కొంగు నడుముకి దోపుకుంది. "పోనీ గాడిదని రాసేత్తారా అంటే వద్దండి. అది ఊరుకోదు. పౌరుసం గల గేదండి అది."

ఫైలు చివరికి జేడీగారి సంతకం దాకా వచ్చింది. పట్టణ మండలం అభ్యంతరానికి, సదరు గేదెలు ఆ వారం మాత్రమే ఉండునవి గనుక తాత్కాలిక పందిళ్ళు చాలునని సమాధానం రాశారు. తర్వాతి సోమవారం హైమవతి చిలకలంక షీటు తెరిచి, బటన్ నొక్కడానికి ముందు పరంజ్యోతికి ఫోను చేసింది.

"నొక్కుతున్నానండీ. రేవులో పడవలు సిద్ధంగా పెట్టుకోండి. జిల్లాకి ఇరవై నాలుగు రెట్లు వస్తుంది."

వచ్చింది. ఒక్కొక్క మండలానికీ ఎనిమిది వేల చొప్పున ఐసు పెట్టెల్లో టీకా వచ్చింది. పరంజ్యోతి, అబద్ధం, పక్క మండలాల నుంచి సాయానికొచ్చిన డాక్టర్లు మోకాళ్ళ లోతు నీళ్ళలో పాకపాకకీ తిరిగి వేశారు. గొంతువాపు ఆగింది. పోయినవి పోగా గేదెలు మిగిలాయి. మిగతా మండలాల్లో ఏం జరిగిందంటే, టీకా వెనక్కి పంపడానికి నిబంధన లేదు గనుక, పట్టణ మండలం అధికారి ఎనిమిది వేల గేదెలకి టీకా వేసినట్టు ఒక పూటలో సంతకాలు పెట్టాడు. మణికట్టు వాచి వారం సెలవు తీసుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం మరో మండలం షీటు తెరుచుకుంది, గేదెలు మళ్ళీ అంతరించాయి. కానీ ఆ ఒక్క వారం రాజధాని కళ్ళలో పడింది. సున్నా నుంచి వారం తిరిగేలోగా రెండు లక్షల గేదెలు! దేశంలో ఏ జిల్లా సాధించని పశువృద్ధి అది. 'ఏటిగట్టు నమూనా' పేరుతో రాష్ట్రస్థాయి సదస్సు ఏర్పాటు చేశారు.

సదస్సులో శేషావతారంగారు పట్టుచొక్కా వేసుకుని మాట్లాడారు. వెనక తెరమీద గీత ఒకటి నేలమీంచి నిటారుగా ఆకాశానికి లేచి, మళ్ళీ నిటారుగా కింద పడింది. కింద పడిన భాగం కనపడకుండా ఆయన దానికి అడ్డంగా నిలబడ్డారు.

వెనక వరసలోంచి ఒక ముసలి పశువైద్యుడు లేచాడు. "గేదె చూడి కట్టి ఈనడానికి పది నెలలు కదండీ. వారంలో ఎలా?"

"మానవ ప్రమేయము వలన కలుగు జాప్యమది," అన్నారు జేడీగారు. "మేము దానిని తొలగించితిమి."

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య ఆయన, క్షేత్రస్థాయి అనుభవాలు చెప్పమని పరంజ్యోతిని వేదిక మీదికి పిలిచారు. ధన్యవాదాలు చెప్పి దిగిపొమ్మని ముందే హెచ్చరించారు.

పరంజ్యోతి మైకు దగ్గర నిలబడ్డాడు. ధన్యవాదాలు చెప్పడానికే నోరు తెరిచాడు. ఆ క్షణాన అతనికి వేడిగా పొంగిన గేదె గొంతు అరచేతికి తగిలినట్టైంది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

"గేదెలు పెరగలేదండీ. ఎప్పుడూ ఉన్నవే. కోడులో రేంజి అని రాసి అది ఏ షీటుదో రాయలేదు, అందుకని తెరిచి ఉన్న షీటు అంకెలే జిల్లా అంతా పడుతున్నాయి. ప్రతి రేంజి ముందూ షీటు పేరు రాసి, పక్కన ఆశ్చర్యార్థకం పెడితే చాలు. అది రాయనందుకు మా లంకలో గేదెలు చచ్చిపోయాయి. నాకు ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు."

జేడీగారి మొహం సున్నం కొట్టినట్టైంది. ముందు వరసలో అందరికన్నా పెద్ద అధికారి మెల్లిగా లేచి నిలబడ్డారు. అందరూ లేచారు.

"అద్భుతం," అన్నారాయన. "ముందు షీటు పేరు. ఎంత సులభం! ఎంత లోతు! కార్యదర్శిగారూ, నోట్ చేసుకోండి."

అందరూ నోట్ చేసుకున్నారు. పరంజ్యోతి చిలకలంక తిరిగివచ్చిన రాత్రి చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాడు. హైమవతి కూడా ఫోను చేసి, మొదటిసారి నవ్వుతూ మాట్లాడింది. ఇద్దరూ ఉత్తర్వు కోసం ఎదురుచూశారు.

ఉత్తర్వు వచ్చింది. మొదట నిర్వచనాలు ఉన్నాయి. షీటు అనగా మండలము. సెల్లు అనగా పశువును కట్టు చోటు. రేంజి అనగా పశువులు మేయు మేర. ఆ కింద అసలు ఆదేశం: 'చిలకలంక పశువైద్యాధికారి సూచన మేరకు, రాష్ట్రమందలి ప్రతి రేంజిలోని ప్రతి పశువు ముందుభాగమున, అనగా నుదుటిపై, షీటు పేరును తెల్లరంగుతో రాయించవలెను. పేరు పక్కన ఆశ్చర్యార్థక చిహ్నము విధిగా ఉండవలెను. పేరు లేని పశువు అది నిలుచుండిన మండలమునకు చెందును. పశువులకే పేర్లు ఉన్నందున కోడును సవరించు అవసరము ఇక లేదు.'

ఉత్తర్వుతో పాటు ఒక డబ్బా సున్నం, రెండు బ్రష్షులు వచ్చాయి.

పరంజ్యోతి ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. హైమవతికి ఫోను చేసి, సున్నం డబ్బా కూడా వచ్చిందని చెప్పాడు. బ్రష్షులు ఎన్నని ఆవిడ అడిగింది.

మర్నాడు ఉదయం పాయ ఒడ్డున పని మొదలైంది. అబద్ధం డబ్బా పట్టుకున్నాడు, పరంజ్యోతి బ్రష్షు ముంచాడు. మొదట వచ్చింది నూకరత్నం గేదె, దూడని ఈనినది. వెడల్పాటి నల్లని నుదురు మీద వంకరటింకరగా 'చిలకలంక' అని రాసి, పక్కన నిలువుగా ఒక గీత గీసి, కింద చుక్క పెట్టాడు.

నూకరత్నం దగ్గరికొచ్చి తలవంచి చూసింది. "పేరు తెలిసింది గాని, ఈ నిలువుగీతేటండీ?"

"ఆశ్చర్యార్థకం."

"ఎవరు ఆచ్చెర్యపోతన్నారండీ, మనమా, గేదా?"

అతను జవాబు చెప్పేలోగా అబద్ధం ఉత్తర్వు ప్రకారం ఫోటో తీసి రాజధానికి పంపేశాడు. ఎండెక్కుతోంది. గేదెకి ఇక చాలనిపించింది. తల విదిలించి, దూడని వెంటపెట్టుకుని, ఏ ఎండలో ఏ గేదైనా చేసే పనే చేసింది. పాయలోకి దిగింది. ముక్కు మాత్రం పైకి పెట్టి, మిగతా ఒళ్ళంతా ముంచి, హాయిగా ఈదుకుంటూ పోయింది. దాని వెనక నీళ్ళమీద సన్నని తెల్లటి చార ఒకటి సాగింది.

అవతలి గట్టు మీద నిగనిగలాడుతూ నల్లగా లేచి నిలబడింది. నుదుటి మీద ఏమీ లేదు.

ఆ గట్టు పక్క మండలానిది. అక్కడి డాక్టరు అప్పటికే నీళ్ళలోకి రెండడుగులు దిగి, బ్రష్షు డబ్బాలో ముంచుతున్నాడు.